విలియం రాక్స్‌బర్గు: పిచ్చిమొక్కకు పేరడిగిన పండితుడు

గులాబిని చూచి మెచ్చనివారు లేరు. చెరువు గట్టుమీది పిచ్చిమొక్కను వంగి చూచువారు మాత్రము అరుదు. అట్టి అరుదైన వారిలో విలియం రాక్స్‌బర్గు ఒకరు. ఆయన విదేశీయుడైనను, ఆయన కీర్తికి పునాది పడినది తెలుగు నేలయందే.

ఆయన 1751లో స్కాట్లాండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున జాన్ హోప్ అను ఆచార్యునికడ వృక్షశాస్త్రము నభ్యసించెను. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా చెన్నపట్టణమునకు వచ్చి, 1781లో గోదావరి సీమయందలి సామర్లకోటకు చేరెను. అచ్చట తోట వేసి మిరియము, కాఫీ, దాల్చినచెక్క మున్నగువానిని పెంచెను. అవి కంపెనీవారి లాభమునకై నాటినవి. కాని ఆయన దృష్టి అంతటితో ఆగలేదు. ఊరి చుట్టుపట్ల స్వయముగా మొలచిన మొక్కలను సేకరించెను. తెలుగువారు వానికి పెట్టిన పేరేమో, దేనికి వాడుదురో అడిగి వ్రాసికొనెను. మన దేశపు చిత్రకారులచే వాని రూపములను రంగులతో వ్రాయించెను.

1787లో కోరంగి తీరమును ముంచిన తుపానులో ఆయన గ్రంథములు, వ్రాతప్రతులు నష్టమయ్యెను. ఎన్నో యేండ్ల శ్రమ నీటిపాలైనను ఆయన క్రుంగిపోక మరల ఆరంభించెను. ఆ పట్టుదల ఫలమే కోరమండల తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథము. అది 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో లండనులో వెలువడెను. నేలనంటి పెరుగు చిరివేరు మొక్కకును అందు చోటు దొరకెను. మన అద్దకపు బట్టలకు ఎఱుపు నిచ్చినది దాని వేరే. ఆయన వర్ణించిన సోమిద చెట్టునకు తరువాతి శాస్త్రజ్ఞులు ఆ తెలుగు పేరునుండియే శాస్త్రనామమును కల్పించిరి. పేర్లు చెప్పిన పల్లెజనులెవరో మనకు తెలియదు. వారి మాట మాత్రము నిలిచినది.

1793లో ఆయన కలకత్తా వృక్షశాస్త్రోద్యానమునకు అధిపతియై వెడలెను. 1813లో స్వదేశమునకు మరలి, 1815లో ఎడింబరోలో కన్నుమూసెను.

సామర్లకోట తోట ఆయన తరువాత బెంజమిన్ హైనె అను వృక్షశాస్త్రజ్ఞుని చేతికి వచ్చెను. 1799లో టిప్పు సుల్తాను పతనమైన పిమ్మట, బెంగుళూరు లాల్‌బాగు సంరక్షణభారమును కూడ ఆ హైనెయే వహించెను. కావున సామర్లకోటకును మన నగరమునకును పూలతోటల బంధుత్వము గలదు.

రాక్స్‌బర్గు వర్ణించిన మొక్కలలో నీటిగొబ్బి యొకటి. సంస్కృతమున దీనిని కోకిలాక్షమందురు. చెమ్మ నిలుచు పల్లపు నేలలు, కాలువ గట్లు దీనికి ప్రియము. కణుపుకణుపున పసుపు వన్నె ముండ్లు, వాని నడుమ ఊదా పూలు. ఆ పూలలోని మకరందమునకై వచ్చిన తేనెటీగలు పుప్పొడిని పూవునుండి పూవునకు చేర్చును. రెక్కలపై నెమలికన్నుల వంటి మచ్చలుగల సీతాకోకచిలుక దీని యాకులపై గ్రుడ్లు పెట్టును. దాని గొంగళిపురుగులకు అదియే ఆహారము. పూవు ఫలించుటకు కీటకము తోడ్పడునని క్రిస్టియన్ స్ప్రెంగెల్ అను జర్మను పండితుడు సవిస్తరముగా గ్రంథము వెలువరించినది 1793లోనే.

బాలబాలికలారా! మన మారతహళ్ళి దాపుననున్న బెళ్ళందూరు, వర్తూరు చెరువుల చుట్టు నేడు ఇండ్లు, కార్యాలయములు నిండినవి. గట్లు తరిగినకొలది గట్లమీది పూలును తరుగును. పూలు కానరానిచో వాని పేర్లను పలుకువారును ఉండరు. పాఠశాల ఆవరణమున నీరు జారి చెమ్మ నిలుచు మూల యున్నయెడల, నడకదారికి ఎడముగా, అచ్చట కొంచెము నేల కేటాయింపుడు. ఎండిన నీటిగొబ్బినుండి విత్తులు తెచ్చి తొలకరి వానలకు చల్లుడు. పురుగుమందు కొట్టకుడు. విత్తు రాలువరకు మొక్కను పెరుకకుడు. ముండ్లున్నవి గాన జాగ్రత్త వహింపుడు.

పిదప ఒక పలకపై దాని తెలుగు పేరు వ్రాయుడు. ప్రక్కయింటి పెద్దల నడిగి కన్నడ పేరును కూడ దాని సరసనే వ్రాయుడు. తల్లిదండ్రులారా! మీ యూరి గట్లపై పూచిన పూల పేర్లు మీకు జ్ఞాపకమున్నంతవరకు పిల్లలకు చెప్పుడు. సముద్రములు దాటి వచ్చిన పండితుడు అడిగి తెలిసికొన్న మాటలను మన బిడ్డలు మన నోట వినకుండుట తగునా?