పిడుగు మర్మము నెరిగిన గ్రంథాలయ స్థాపకుడు – బెంజమిన్ ఫ్రాంక్లిను

లోకమునకు పిడుగు మర్మమును తెలిపిన పరిశోధన ఒక చందాదారుల గ్రంథాలయమున ఆరంభమైనదని చాలమంది ఎరుగరు. ఆ గ్రంథాలయమును స్థాపించినవాడును, ఆ పరిశోధనను సాగించినవాడును ఒక్కడే. అతడే బెంజమిన్ ఫ్రాంక్లిను.

ఫ్రాంక్లిను 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున జన్మించెను. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్ముకొను సామాన్యుడు. పదునేడుగురు సంతానము గల ఆ యింట బాలుని బడిచదువు రెండేండ్లకే ఆగిపోయెను. పండ్రెండవ యేట అన్నగారి అచ్చుకూటమున పనివాడుగా చేరి, తీరిక వేళల పుస్తకములు చదివి విద్య గడించెను. 1723లో ఫిలడెల్ఫియా చేరి, కొన్నియేండ్లకు సొంత అచ్చుకూటమును నెలకొల్పెను. ఒక్కరు కొనలేని గ్రంథములను పలువురు చందాలు వేసికొని కొనవచ్చునని తలచి, 1731లో మిత్రులతో కలిసి గ్రంథాలయమును స్థాపించెను. అది నేటికిని నిలిచియున్నది.

ఆ గ్రంథాలయమునకు పుస్తకములు సమకూర్చుచుండిన పీటర్ కాలిన్సను అను లండను వర్తకుడు, విద్యుత్ ప్రయోగములకు పనికివచ్చు గాజుగొట్టము నొకదానిని కానుకగా పంపెను. దానిని రుద్దినచో చిటపటమని రవ్వలు పుట్టెడివి. ఇతరులకు వినోదమైనది ఫ్రాంక్లినునకు విచారణ అయ్యెను. ఆ చిన్న రవ్వకును ఆకాశమున మెరయు మెరుపునకును వెలుగు, వంకర నడక, చప్పుడు, లోహముల వెంట పరుగు సమానమని 1749 నాటికి అతడు గుర్తించెను. ఆ కాలమున యూరపులో ఉరుము వేళ చర్చి గంటలు మ్రోగించినచో పిడుగు తొలగునని నమ్మెడివారు. ఎత్తైన గోపురముల క్రింద గంటత్రాడు పట్టి నిలిచిన సేవకులు పలువురు ఆ పిడుగులకే బలియైరి.

ఫ్రాంక్లిను పరిశోధనలు 1751లో లండనున గ్రంథరూపమున వెలువడెను. అతడు సూచించిన విధమున 1752 మే నెలలో ఫ్రాన్సు దేశమున ఇనుప కడ్డీని నిలిపి మేఘము నుండి విద్యుత్తును రాబట్టిరి. ఆ వార్త తనకు చేరకమునుపే జూన్ నెలలో అతడు గాలిపటము నెగురవేసి, తడిసిన దారమునకు కట్టిన తాళపుచెవి నుండి రవ్వలను చూచెను. ఆ పటముపై పిడుగు పడలేదు. పడియున్నచో అతడు బ్రతికియుండడు. మరుసటి యేడు రష్యాలో రిఖ్‌మను అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పరిశీలనలోనే పిడుగుపాటున మరణించెను. కావున ఆ సాహసము ఎవరును అనుకరింపరాదు.

ఇంటిపై మొనదేలిన ఇనుప కడ్డీని నిలిపి, తీగను తడినేల వరకు దింపినచో పిడుగు ఇంటికి హాని చేయక భూమిలోనికి పోవునని ఫ్రాంక్లిను చెప్పెను. ఈ ఉపాయమును తన పంచాంగమున అచ్చువేసి పంచెనేగాని, దానిపై హక్కు పొంది ధనము కూడబెట్టలేదు. 1753లో లండను రాయల్ సొసైటీ కాప్లే పతకముతో గౌరవించెను. పిదప అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసిన వారిలో ఒకడయ్యెను. ఒకప్పుడు బానిసలను ఉంచుకొన్నవాడయ్యును, వార్ధక్యమున బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1790 ఏప్రిల్ 17న పరమపదించెను.

అతని కడ్డీ కట్టడమును కాపాడునుగాని, చేలలోని కూలివానిని కాపాడలేదు. నడిగడ్డ పత్తిచేలలోను, వనపర్తి వేరుశనగ పొలములలోను, నాగర్‌కర్నూలు మెట్టలపైనను ఉరుము వినగానే చెట్టు క్రిందికి చేరుట పలువురి అలవాటు. ఆపదకు మూలమదియే. చెట్టుపై పడిన పిడుగు ప్రక్కనున్న మనిషిపైకి దుముకును. వేళ్ల వెంట నేలలోను ప్రాకును. మేకల మంద ఒక్కసారి కూలుట ఇందువలననే. అర్జునుని పేర్లు తలచుకొనుట ధైర్యమునిచ్చును. ఆ పేర్లు పలుకుచునే కాళ్లు పక్కా ఇంటివైపు సాగవలెను.

మెరుపునకును ఉరుమునకును నడుమ మూడు సెకన్లు గడచినచో పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరమున ఉన్నట్లు. ఉరుము వినబడినదనిన ఆపద దాపుననే యున్నది. గడ్డిపాక చాలదు; పక్కా ఇల్లుగాని, తలుపులు మూసిన బస్సు, కారుగాని మేలు. కడపటి ఉరుము తరువాత ముప్పది నిమిషముల వరకు బయటికి రారాదు. ఆశ్రయము లేనిచో చెట్లకు, స్తంభములకు, తీగకంచెలకు, నీటికి దూరముగా, ఒకరికొకరు ఎడముగా, పాదములు చేర్చి పల్లపునేలను కూర్చుండవలెను, పండుకొనరాదు. ఇది పూర్తి రక్ష కాదు, కడపటి ఉపాయము మాత్రమే. పిడుగు తగిలినవాని దేహమున విద్యుత్తు నిలువదు. కావున భయపడక తాకవచ్చును. ఊపిరి ఆగినచో వెంటనే రొమ్ము నడుమ బలముగా, వడిగా నొక్కుచు, 108కి కబురు చేయింపవలెను.

ఫ్రాంక్లిను తన విద్యను వెల పెట్టక పంచెను. ఈ నాలుగు సంగతులను చదువెరిగిన ప్రతి చందాదారుడును చదువురాని తన కూలివారికి, పశువుల కాపరికి ఉరుముల కారు రాకమునుపే చెప్పినచో, ఈ గ్రామ గ్రంథాలయము ఆ పనినే కొనసాగించినదగును.