వెట్టిని ధిక్కరించిన చిట్యాల ఐలమ్మ

ఉర్దూలో బేకార్, బేగార్ అని రెండు మాటలున్నాయి. మొదటిది పని లేని మనిషిని, రెండవది కూలి లేని నిర్బంధ శ్రమను సూచిస్తుంది. భేదం ఒక్క హల్లులోనే. ఏటా ప్రవేశ పత్రాలను పరిశీలించే వేళ ఈ జంట పదాలు మాకు స్ఫురిస్తూ ఉంటాయి. ఉప్పల్, నాచారం బస్తీల నుండి వచ్చే పిల్లలు తండ్రి వృత్తి అన్నచోట ఫ్యాక్టరీ కార్మికుడనో, ఆటో డ్రైవరనో రాస్తారు. తల్లి వృత్తి అన్నచోట ఏమీ లేదని రాస్తారు. తెల్లవారకముందే అన్నం కట్టి ఆ తండ్రిని మొదటి షిఫ్టుకు పంపేది ఆ తల్లే గదా! జనాభా లెక్కలు సైతం ఇంటిపని మాత్రమే చేసే స్త్రీని పని చేయనివారి కిందనే చేర్చుతూ వచ్చాయి. ఇటువంటి లెక్కను ఎన్నడో తన బ్రతుకుతో ప్రశ్నించిన స్త్రీమూర్తి చిట్యాల ఐలమ్మ.

ఉప్పల్ నుండి వరంగల్ బాట పట్టి, భువనగిరి మీదుగా జనగామ చేరి, అక్కడి నుండి పక్కకు మళ్ళితే పాలకుర్తి వస్తుంది. ఐలమ్మ పుట్టినది రాయపర్తి సమీపాన కృష్ణాపురంలో. చిన్ననాడే చిట్యాల నర్సింహతో వివాహమై పాలకుర్తికి కోడలిగా వచ్చింది. కులవృత్తి బట్టలుతకడం. లోకం ఆమెను ఇంటిపేరుతో గాక చాకలి ఐలమ్మ అనే పిలిచింది. పనిని పేరుకు ముందు తగిలించిన ఆ సమాజమే, గడీలో ఆ పనికి కూలి ముట్టవలసి ఉన్నదని మాత్రం తలచలేదు. ఎంత వింత!

నాటి నిజాం రాజ్యంలో వెట్టి ఏ ఒక్క కులానికో పరిమితం కాదు. చాకలి దొర బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, కబుర్లు మోయాలి. ఆడవారు గడీలో వడ్లు దంచాలి. రైతు తన నాగలిని ముందుగా దొర పొలానికి తోలాలి. ప్రభుత్వం వెట్టిని నిషేధిస్తూ ఫర్మానాలు వెలువరించినా అవి గడీ గడప దాటలేదు. వెట్టిలో పోయేది కూలి మాత్రమే కాదు. వాన పడిన నాడు దున్నకం దొరకే ముందు, పంట పండిన నాడు కోత దొరకే ముందు. తన చేను ఎండినా, గింజ రాలినా పిలుపు వస్తే పోవలసిందే. వెట్టివానికి తనదైన పొద్దంటూ లేదు.

ఐలమ్మ ఆ పొద్దును కోరింది. మల్లంపల్లి దొర వద్ద భూమి కౌలుకు తీసుకొని కుటుంబమంతా సేద్యం సాగించారు. గ్రామాధికారి వచ్చి తన పొలంలో పనికి రమ్మంటే ఆమె నిరాకరించింది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగి, సంఘం పల్లెపల్లెకూ పాకుతున్న రోజులవి. ఐలమ్మ సంఘంలో చేరింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి ఇది సహింపరానిదైంది. ఆ దేశ్‌ముఖ్ అండ గల దాయాదితో భూమికై కోర్టులో పోరాడిన కామారెడ్డిగూడెం షేక్ బందగీ 1940లో హత్యకు గురైన సంగతి ఆ ప్రాంతమంతటికీ తెలుసు. తెలిసే ఐలమ్మ అడుగు ముందుకు వేసింది.

పంట చేతికి వచ్చిన వేళ దొర మనుషులు పెద్ద గుంపుగా వచ్చి కోతకు దిగారు. గుతపలు చేతబట్టిన సంఘ కార్యకర్తలు 28 మంది మాత్రమే. భీమిరెడ్డి నరసింహారెడ్డి మొదలైనవారు వారికి ముందు నిలిచారు. గుంపు పలాయనం చిత్తగించింది. ధాన్యం ఐలమ్మ ఇంటికి చేరింది. పిదప ఆ ఇంటిని తగులబెట్టారు, ఇంటివారిని జైలు పాలు చేశారు. అయినా ఆ గింజలు గానీ, ఆ నేల గానీ దొరకు దక్కలేదు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది కూడా ఆ దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకే. సాయుధ పోరాటం 1951 వరకు సాగింది.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణంలో బేగార్‌ను నిషేధించింది. ఆంగ్ల ప్రతిలో సైతం ఆ మాటను మార్చలేదు. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న పాలకుర్తిలో కన్నుమూసింది. 2024లో కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. తల్లికి పని ఏమీ లేదని రాసిన మా విద్యార్థినులలో కొందరు పై చదువులకు అక్కడికే వెళ్తున్నారు.