కాన్రాడ్ అడెనావర్

ప్రజలకు ప్రభుత్వముపై నమ్మిక యొకసారి చెడినచో అది మరల కుదురుట యెంత కష్టమో తెలిసికొనగోరువారు ఈ వృద్ధుని చరిత్ర నెరుగవలెను.

అడెనావర్ 1876వ సంవత్సరము జనవరి 5వ తేదీని జర్మనీదేశమున రైను నదీతీరమందలి కొలోను నగరములో జన్మించెను. తండ్రి న్యాయస్థానములో చిన్న యుద్యోగి. కుమారుడు న్యాయశాస్త్రము నభ్యసించి 1917లో ఆ నగరమునకు మేయరయ్యెను. 1933లో హిట్లరు కొలోనునకు వచ్చినప్పుడు ఆయన యెదురేగలేదు. వంతెనపై కట్టిన నాజీపతాకములను తీయించెను. అందుచే పదవి పోయెను. 1944లో చెరసాల పాలయ్యెను.

యుద్ధానంతరము దేశము రెండు ముక్కలయ్యెను. ప్రభుత్వమన్న జనులకు నమ్మిక లేదు. వారి కన్నుల యెదుటనే 1933లో శాసనసభ తన యధికారమును హిట్లరు చేతిలో పెట్టియుండెను. అడెనావర్ అధ్యక్షతను కూడిన సభ పశ్చిమ జర్మనీకై మూలశాసనమును రచించి 1949 మే 23వ తేదీన ప్రకటించెను. ఆ సెప్టెంబరులో, 73 యేండ్ల వయస్సున, ఆయన ఛాన్సలరుగా నెన్నుకొనబడెను. ఒక్క వోటు తగ్గినను ఆనాడు గెలుపు తప్పిపోయెడిది.

1960లో ఆయన కేంద్రప్రభుత్వము పక్షమున నొక టెలివిజన్ సంస్థను స్థాపించెను. అది తమ యధికారమని కొన్ని రాష్ట్రములు మొరపెట్టగా, 1961 ఫిబ్రవరి 28వ తేదీన రాజ్యాంగ న్యాయస్థానము ఆయనకు వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. తీర్పు ఆయనకు రుచింపలేదు, అయినను తలయొగ్గెను. సంస్థ మూతపడెను. ఆయనయందు లోపములు లేకపోలేదు. 1962లో ష్పీగెల్ పత్రికాధిపతిని రాజద్రోహమను నెపమున నిర్బంధించినప్పుడు ఆయన దానిని సమర్థించెను. జనులు వీథులలో నిరసించిరి. రక్షణమంత్రి పదవి వదలవలసివచ్చెను. 1965లో న్యాయస్థానము ఆ యభియోగమును విచారణకు స్వీకరింపలేదు.

తూర్పు జర్మనీలో న్యాయస్థానములు పాలకపక్షము చెప్పుచేతలలో నుండెను. 1961 ఆగస్టులో బెర్లిను నడుమ గోడ లేచెను. అడెనావర్ 1963లో పదవి విడిచి, 1967 ఏప్రిల్ 19వ తేదీన మరణించెను. 1989 నవంబరులో గోడ తెరువబడెను. 1990 అక్టోబరు 3వ తేదీన తూర్పువారు ఆ మూలశాసనము క్రిందికే వచ్చి చేరిరి. అయినను కర్మాగారములు మూతపడి పనులు పోవుట మొదలగు కారణములచే, ప్రభుత్వసంస్థలయెడ వారికి పశ్చిమమువారికున్నంత నమ్మిక నేటికిని కుదురలేదు. గోడ తెరచుటకు ఒక్క రాత్రి చాలెను. నమ్మిక నిలుచుటకు తరములు పట్టుచున్నవి.

తనకు వ్యతిరేకమైన తీర్పునకు పాలకుడు లోబడినప్పుడే ప్రజలకు నమ్మిక కలుగును. ఆటస్థలమున న్యాయనిర్ణేత మాట మనకు చేదైనప్పుడు ఈ సంగతిని జ్ఞాపకము చేసికొందము.