వీటో వొల్టెర్రా: చేపల లెక్క చూచిన గణితవేత్త

కడలిలోని చేపలను లెక్కించుట మానవునకు సాధ్యము కాదు. ఒడ్డునకు చేరిన చేపలే అతనికి తెలియును. ఆ కొలదిపాటి లెక్కను బట్టి కంటికి కానరాని మత్స్యకులముల క్షేమమును ఊహింపవలసియుండును. ఈ పనికి గణితమును తోడు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు ఇటలీ దేశీయుడగు వీటో వొల్టెర్రా.

అతడు 1860వ సంవత్సరము మే 3వ తేదీన అంకోనా రేవుపట్టణమున ఒక యూదుల కుటుంబమున జన్మించెను. రెండేండ్ల ప్రాయముననే తండ్రి గతించుటచే మేనమామ అండను పెరిగెను. కుటుంబము కలిమిగలది కాదు. అయినను పదునొకండవ యేటనే రేఖాగణితమును చేపట్టిన బాలుడు చదువును విడువలేదు. 1882లో పీసాలో పట్టమునొంది, మరుసటి యేడే అచ్చట ఆచార్యుడయ్యెను. 1900లో రోము విశ్వవిద్యాలయమునకు వచ్చెను. 1905లో సెనేటు సభ్యుడయ్యెను. మొదటి ప్రపంచ యుద్ధమున, ఏబదియైదేండ్లు నిండిన వయసున, సైన్యమున చేరి గాలియోడలపై పరిశోధనలు సాగించెను.

1925వ సంవత్సరాంతమున ఉంబెర్టో డంకోనా అను జంతుశాస్త్రజ్ఞుడు అతనికడకు ఒక చిక్కుప్రశ్నను తెచ్చెను. అనతికాలముననే వొల్టెర్రాకు అల్లుడైన ఈ యువకుడు అడ్రియాటిక్ ఉత్తరతీరమందలి ట్రియెస్టు, ఫియూమె, వెనిసు చేపల అంగళ్ల లెక్కలను పరిశీలించియుండెను. ఫియూమె అంగడికి వచ్చిన సరకులో సొరలును వాని వర్గపు చేపలును 1914లో నూటికి 11.9 వంతులుండగా, 1918లో 36.4 వంతులయ్యెను, 1923 నాటికి మరల 10.7కు దిగెను. యుద్ధమువలన వేట తగ్గిన మాట నిజము. వేట తగ్గినచో అన్ని చేపలును పెరుగవలదా? ఇతర మత్స్యములను తిని బ్రతుకు సొరలకే ఆ లాభమేల కలిగెను?

వొల్టెర్రా ఈ ప్రశ్నను రెండు సమీకరణములలో ఇమిడ్చెను. ఆహారమగు చేపలు తమంత తాము వృద్ధిపొందును. వానిని తిను చేపలు ఆహారము దొరకనిచో క్షీణించును. ఈ రెండును తారసపడిన కొలదియు మొదటివి తగ్గి రెండవవి పెరుగును. ఇట్లు ఒకదానివెంట ఒకటి హెచ్చుచు తగ్గుచు నుండును. వల రెండింటిని పట్టును. అయితే వలకు చిక్కినన్ని సొరలు మరల పుట్టి పెరుగుటకు మునుపటికంటె ఎక్కువ ఆహారము కావలెను. అందుచే మితమైన వేటవలన చిన్నచేపల సగటు హెచ్చును, సొరల సగటు తగ్గును. వేట సన్నగిల్లిన యుద్ధకాలమున ఈ క్రమము తలక్రిందయ్యెను. ఈ ఫలితము మితమైన వేటకే వర్తించుననియు, వేట హద్దు మీరినచో చిన్నచేపలును నశించుననియు అతడు చూపెను. 1926లో ఈ సిద్ధాంతము వెలువడెను. అమెరికాలో ఆల్ఫ్రెడ్ లోట్కా 1925లోనే ఇట్టి సమీకరణములను ప్రకటించెనని తెలిసినప్పుడు, ఆ మేరకు అతని ప్రాథమ్యమును వొల్టెర్రా అంగీకరించెను.

అంగడి చిట్టా అమ్ముడుపోవు చేపను చెప్పునే గాని కడలిలో మిగిలిన చేపను చెప్పదు. పడవల సంఖ్య, వలల తీరు, కొనువారి ఆకలి, ఏది మారినను అంకెలు మారును. అందుచేతనే డంకోనా మొత్తపు తూకములకంటె వంతులను నమ్ముకొనెను. పడవలు సగమైనచో రెండు తెగల రాబడియు సగమగును. వాని నిష్పత్తి మాత్రము అంతగా చెదరదు. తరువాతివారు ఈ వాదమును శంకించిరి. చర్చ చాలకాలము సాగెను. అయినను లెక్కలు అరకొరగానున్న తీరములందు, పట్టుబడిన చేపలలో ఏ జాతి ఎంత, పెద్దవెన్ని, పిన్నవెన్ని అను వంతులు నేటికిని మత్స్యసంపద ఆరోగ్యమును తెలుపు ముఖ్యమైన గురుతులు.

అదే కాలమున ఇటలీలో ఫాసిస్టు ప్రభుత్వము వేరూనుచుండెను. వొల్టెర్రా 1925లో ఆ పాలనను నిరసించు మేధావుల ప్రకటనపై సంతకము చేసెను. 1931లో ఆచార్యులందరు విధేయతా ప్రమాణము చేయవలెనని ఆజ్ఞ వచ్చినప్పుడు, సుమారు 1,200 మందిలో నిరాకరించినవారు ఇరువదిమందియైన లేరు. డెబ్బదియొక్క యేండ్ల వొల్టెర్రా వారిలో ఒకడు. ఆచార్యపదవి పోయెను, 1934లో స్వదేశపు విద్వత్పరిషత్తులును అతనిని తొలగించెను. జీవకులముల పోరాటముపై అతడు పారిసులో చేసిన ఉపన్యాసములు 1931లో అచ్చటనే గ్రంథముగా వెలువడెను. 1938లో యూదులపై శాసనములు వచ్చెను. 1940 అక్టోబరు 11న అతడు రోములో కన్నుమూయగా, ఇటలీ విద్యాసంస్థలు మౌనము వహించెను.

గద్దె దింపిన పాలన నేడు లేదు. మూడు రేవుల చేపల చిట్టాలనుండి పుట్టిన ఆ రెండు సమీకరణములు మాత్రము ప్రపంచమంతట విద్యార్థులచే పఠింపబడుచున్నవి.