కాటన్ దొర: గెలిచిన ఆనకట్ట, రాని కాలువ

సివిల్ బ్రాంచ్ వాళ్ళకి సర్ ఆర్థర్ కాటన్ గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకోవచ్చు. ఆయన విగ్రహాలు చూస్తూనే పెరిగాం. గోదావరి జిల్లాల ఫ్రెండ్స్‌ని అడిగితే, పుష్కరాల్లో ఆయన పేరు తలచుకుని తర్పణం వదిలేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారంటారు. కానీ నాది నెల్లూరు తీరం. పెన్నా కాలువల నీళ్ళు చిట్టచివరికి చేరే ఊళ్ళ వైపు. మా వైపు నుంచి చూస్తే ఆయన కథలో ఇంకో సగం కూడా కనిపిస్తుంది. గెలిచిన సగం ధవళేశ్వరంలో ఉంది. ఓడిన సగం మా కృష్ణపట్నం దాకా రావాల్సింది, రాలేదు. ఆ రెండు సగాలూ కలిపి చెప్పాలనే ఈ వ్యాసం.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవారు. అడిస్కాంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చదివి, పద్దెనిమిదేళ్ళ వయసులో, 1821లో మద్రాసు చేరారు. ఆయనకి అసలైన చదువు మాత్రం కావేరి దగ్గరే దొరికింది. చోళుల కల్లణై ఆనకట్ట ఇసుక మీద వందల ఏళ్ళుగా ఎలా నిలబడిందో ఆయన శ్రద్ధగా పరిశీలించారు. ఇసుకలో రాళ్ళు వేస్తూ పోతే కొంత లోతుకు దిగి అక్కడ కుదురుకుంటాయి. వాటి మీద కట్టడం లేపొచ్చు. గట్టి రాతినేల దొరికేదాకా తవ్వాల్సిన పనిలేదు. ఈ సూత్రంతోనే 1836లో కొల్లడం నది మీద రెండు ఆనకట్టలు కట్టారు. పై ఆనకట్ట వల్ల నీళ్ళు కావేరి వైపు ఎక్కువగా మళ్ళాయి. తర్వాత దాన్ని సరిచేయాల్సి వచ్చింది. నదిని ఒకచోట కదిలిస్తే ఇంకోచోట లెక్క మారుతుందని అక్కడ తెలిసింది.

అప్పటికి మన తీరం పరిస్థితి ఘోరంగా ఉంది. 1832-33లో నందన కరువు. గుంటూరు సీమ నుంచి జనం తిండి కోసం ఒంగోలు, నెల్లూరు మీదుగా మద్రాసు వైపు నడిచారు. దారిలోనే రాలిపోయిన వాళ్ళకి లెక్కలేదు. 1839లో తుపాను కోరంగి తీరాన్ని ముంచింది. పక్కనే గోదావరి ఏటా నిండుగా పారి సముద్రంలో కలిసిపోతోంది, పొలాలేమో ఎండుతున్నాయి. కాటన్ 1844లో డెల్టా అంతా తిరిగి చూసి నివేదిక రాశారు. ఖర్చుకి వెనకాడే కంపెనీ ప్రభుత్వాన్ని, పెట్టింది శిస్తు రూపంలో తిరిగొస్తుందని చెప్పి ఒప్పించారు. 1846లో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది.

ఇక్కడ కొంచెం ఆగి చూద్దాం. ధవళేశ్వరం దగ్గర నది బాగా వెడల్పు. వెడల్పు ఎక్కువైతే కట్టడం పొడవు పెరుగుతుంది కదా, మరి అక్కడే ఎందుకు? వెడల్పున్న చోట వరద లోతూ వేగమూ తగ్గుతాయి. మధ్యలో లంకలుండటంతో నది నాలుగు పాయలుగా చీలింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా పని విడగొట్టొచ్చు. ఒక ముక్కలో తేడా వచ్చినా మిగతావి ఆగవు. రాయి కోసం దూరం పోనక్కర్లేదు, ధవళేశ్వరం కొండే క్వారీ. అక్కడి నుంచి పట్టాల మీద బండ్లు నడిపి రాయి చేరవేశారు. టేకు దుంగలు ఎగువ అడవుల నుంచి నది మీదే తేలివచ్చాయి. ఇసుకలో బావులు దించి, వాటి మీద గోడ కట్టి, దిగువన రాళ్ళు పరిచారు. ఎత్తు 12 అడుగులే. వరదని ఆపే గోడ కాదది. వరద దాని మీదుగా దొర్లిపోవాలి, వేసవి నీళ్ళు మాత్రం కాలువల్లోకి మళ్ళాలి.

పని చేయడానికి ఏడాదిలో దొరికేది వరద లేని నెలలే. ఆ కాస్త టైములో ఏ పని ముందు, ఏది వెనక అన్నదే ప్రాణం. మనం బార్ చార్ట్ గీసి నేర్చుకునే పాఠాన్ని ఆయన నది తగ్గే తేదీని, పొంగే తేదీని చూసి చేశారు. అడిగినంతమంది ఇంజనీర్లని ప్రభుత్వం ఇవ్వలేదు. ఉన్న కొద్దిమందితోనే మొదలుపెట్టి, స్థానికులకి పని నేర్పించారు. వీణెం వీరన్న అనే మన తెలుగాయన కూలీలని కూడగట్టడంలో, పని నడిపించడంలో ఆయనకి కుడిభుజమయ్యారు. మధ్యలో కాటన్ ఆరోగ్యం చెడి సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్ళినా పని ఆగలేదు, ఓర్ అనే అధికారి నడిపించారు. ఒక మనిషి లేకపోయినా సాగే సైట్ అంటే మాటలు కాదు. 1852కల్లా ఆనకట్ట పూర్తయింది. నాలుగు ముక్కలూ కలిపి దాదాపు మూడున్నర కిలోమీటర్లు. ఆ వెంటనే గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడక్టు లేచింది.

ఇక రెండో సగం. గోదావరి గెలుపుతో కాటన్ ఆలోచనలు పెద్దవయ్యాయి. దేశమంతా కాలువలు, వాటిలో పడవలు, రైళ్ళ కంటే చవక రవాణా. 1858లో ఏర్పడ్డ మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ వెనక ఉన్నది ఆయన ప్రోత్సాహమే. సుంకేశుల దగ్గర తుంగభద్ర నీళ్ళు మళ్ళించి, కర్నూలు, కడప మీదుగా పెన్నా లోయ దాటి నెల్లూరు తీరంలో కృష్ణపట్నం చేర్చాలన్నది పథకం. పది లక్షల పౌండ్ల మూలధనానికి 5 శాతం వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ డబ్బు కాలువ పూర్తికాకముందే అయిపోయింది. మళ్ళీ ప్రభుత్వమే అప్పు ఇవ్వాల్సి వచ్చింది. కడప దాకా 300 కిలోమీటర్లకి పైగా తవ్వి అక్కడితో ఆపేశారు. నీళ్ళు వదిలాక చూస్తే కొనేవాళ్ళు తక్కువ. ఆ దారిలో చాలాచోట్ల నల్లరేగడి. జొన్న, పత్తి వేసే రైతుకి మామూలు వానే చాలు. కరువొస్తే తప్ప కాలువ నీళ్ళకి డబ్బు కట్టడు. చివరికి 1882లో ప్రభుత్వం ఆ కాలువని కొనేసింది. అదే మన కె.సి. కెనాల్.

ఆ కాలువ తవ్వించింది కాటన్ స్వయంగా కాదు. 1860లోనే ఆయన రిటైరై ఇంగ్లండు వెళ్ళారు, మరుసటి ఏడాది సర్ బిరుదు వచ్చింది. కానీ ఆ నమ్మకం ఆయనది. 1878లో పార్లమెంటు కమిటీ ముందు, 75 ఏళ్ళ వయసులో, కాలువల పక్షానే గట్టిగా నిలబడ్డారు. 1899 జూలై 24న కన్నుమూశారు.

డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబియర్ బృందం 2002లో 20 దేశాల్లోని 258 రవాణా ప్రాజెక్టులు పరిశీలించింది. పదింట తొమ్మిది దాకా అంచనా దాటాయి. మన ప్రాజెక్టు ప్రత్యేకమని అనుకోవడం మాని, అలాంటివే ఇదివరకు ఎలా నడిచాయో చూసి అంచనా వేయమని ఆయన చెప్పే పద్ధతి. నాకనిపించేది ఏంటంటే, డెల్టా లెక్కని రాయలసీమకి వేయడమే కె.సి. కెనాల్ దెబ్బ తినడానికి పెద్ద కారణం. డెల్టాలో వరికి నీళ్ళు కావాలి, వాలు తక్కువ, రాయి పక్కనే. కర్నూలు దారిలో నేల వేరు, పంట వేరు, రైతు అవసరం వేరు. ఇంజనీరింగ్ తెలివి ఒకటే అయినా పోల్చుకున్న ఉదాహరణ తప్పింది.

మరి మా నెల్లూరు? ధవళేశ్వరం తర్వాత కొద్ది ఏళ్ళకే పెన్నా మీద నెల్లూరు ఆనకట్ట, 1880లలో సంగం ఆనకట్ట వచ్చాయి. మొలగొలుకులు పండించిన మాగాణి వాటి చలవే. వాటి స్థానంలో కట్టిన రెండు బ్యారేజీలు 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. పని మొదలై పూర్తయ్యేసరికి పదేళ్ళు దాటిపోయాయి. ధవళేశ్వరానికి పట్టింది ఐదేళ్ళు. భూసేకరణ, డిజైన్ మార్పులు, నిధులు, ఇవన్నీ నేటి లెక్కలు కాబట్టి నేరుగా పోల్చడం న్యాయం కాదు. అయినా ఆలస్యానికి ధర చెల్లించేది మాత్రం అప్పుడూ ఇప్పుడూ కాలువ చివర ఉన్న రైతే.

కాటన్ అనుకున్న దారిలో కాకపోయినా, కృష్ణా నీళ్ళు తెలుగుగంగ ద్వారా సోమశిల, కండలేరు చేరి, 1996లో చెన్నై దాకా వెళ్ళాయి. అంటే కల తప్పు కాదు, లెక్క తప్పింది. రేపు మనలో ఎవరైనా ఒక ప్రాజెక్టుకి అంచనా రాసేటప్పుడు ధవళేశ్వరం ఒక్కటే కాదు, కె.సి. కెనాల్ కూడా గుర్తుండాలి. మొదటిది ఎలా కట్టాలో చెబుతుంది. ఆ నీళ్ళు ఎవరికి, ఎప్పుడు కావాలో ముందు అడగమని రెండోది చెబుతుంది.