కంప్యూటర్ పితామహుడే.. కానీ ఒక్క మెషీన్ కూడా పూర్తి చేయలేదు! బాబేజ్ విషయంలో అసలేం జరిగింది?

కంప్యూటర్ పితామహుడు ఎవరు? చిన్నప్పుడు జీకే బుక్‌లో మనమంతా బట్టీ పట్టిన బిట్టే. చార్లెస్ బాబేజ్. అయితే ఆ బుక్‌లో లేని విషయం ఒకటుంది. ఆయన మొదలుపెట్టిన పెద్ద మెషీన్లలో ఒక్కటి కూడా బతికుండగా పూర్తి కాలేదు. ఐడియాలు లేక కాదు.. మరీ ఎక్కువైపోయి!

1791లో లండన్‌లో పుట్టిన బాబేజ్ గణితంలో దిట్ట. అప్పట్లో ఓడ నడపాలన్నా, నక్షత్రాల లెక్కలు కట్టాలన్నా అచ్చేసిన పట్టికలే దిక్కు. వాటిని మనుషులే చేత్తో లెక్కగట్టేవారు కాబట్టి తప్పులు దొర్లేవి. 1821లో స్నేహితుడు జాన్ హెర్షెల్‌తో కలిసి అలాంటి పట్టికలు సరిచూస్తూ విసిగిపోయిన బాబేజ్‌కు, ఈ పని మెషీన్ చేస్తే పోలా అనిపించింది. అదే డిఫరెన్స్ ఇంజిన్. గుణకారాలు అక్కర్లేదు, కూడికలతోనే పట్టిక మొత్తం తయారవుతుంది.

1823లో బ్రిటిష్ ప్రభుత్వం డబ్బులిచ్చింది. ఇప్పటి స్టార్టప్ భాషలో చెప్పాలంటే ఫండింగ్ వచ్చేసింది. కానీ దానికి దాదాపు 25 వేల విడిభాగాలు కావాలి. పని నత్తనడకన సాగింది. మధ్యలో 1827 ఒక్క ఏడాదిలోనే తండ్రి, కొడుకు, భార్య చనిపోయారు. 1832కి తయారైంది మెషీన్‌లో ఏడో వంతు మాత్రమే. ఆ ముక్క మాత్రం చక్కగా పనిచేసింది! మరుసటి ఏడాదే ఇంజినీర్ జోసెఫ్ క్లెమెంట్‌తో డబ్బుల గొడవ వచ్చి పని ఆగింది.

అసలు ట్విస్ట్ ఇక్కడే. ఆగిన పని ముందుకు కదలకముందే, 1834లో బాబేజ్ బుర్రలో ఇంకో ఐడియా మెరిసింది. ఒక్క రకం లెక్కలే కాదు, పంచ్ కార్డులతో ఏ లెక్క చెబితే అది చేసే అనలిటికల్ ఇంజిన్. ఇవాళ్టి కంప్యూటర్‌కు మూలం అదే. 1843లో అడా లవ్‌లేస్ దానిపై రాసిన నోట్స్‌నే చాలామంది తొలి ప్రోగ్రామ్‌గా చెబుతారు.

సమస్య ఏంటంటే, ఆ కొత్త సంగతి ఆయన ప్రభుత్వానికీ చెప్పేశారు. పాతది పూర్తి చేయాలా? కొత్తది కట్టాలా? వెర్షన్ వన్ రిలీజ్ కాకుండానే వెర్షన్ టూ అంటే డబ్బు పెట్టినవాళ్లకు ఒళ్లు మండదా? ఏళ్ల తరబడి నాన్చి, 1842లో సర్కారు చేతులెత్తేసింది. అప్పటికే 17 వేల పౌండ్లకు పైగా ఖర్చయింది. ఆ సొమ్ముతో ఇరవైకి పైగా రైలింజన్లు వచ్చేవి.

ఇదిలా ఉంటే, బాబేజ్ పేపర్ల గురించి చదివి స్వీడన్‌లో షూట్జ్ అనే తండ్రీకొడుకులు 1853లో చిన్న సైజు డిఫరెన్స్ ఇంజిన్ తయారు చేసేశారు. బాబేజ్ డిజైన్ అంత గొప్పగా లేదు గానీ, పనిచేసింది, అమ్ముడైంది కూడా. కుళ్లుకుంటారేమో అనుకుంటాం కదా.. ఆయన వాళ్లను మెచ్చుకుని అండగా నిలిచారు.

బాబేజ్ మాత్రం డ్రాయింగులు మార్చుతూనే పోయారు. 1849 నాటికి చాలా తక్కువ విడిభాగాలతో డిఫరెన్స్ ఇంజిన్ నంబర్ 2 గీశారు. ప్రభుత్వం వద్దంది. 1871లో ఆయన కన్నుమూశారు.

ఆ డ్రాయింగులు పట్టుకుని లండన్ సైన్స్ మ్యూజియం 1991లో నంబర్ 2ను కట్టింది. హ్యాండిల్ తిప్పితే లెక్కలు కరెక్ట్‌గా వచ్చాయి. ప్రింటర్ భాగం 2002లో పూర్తయింది.