అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు: గజ్జె కట్టిన వాగ్గేయకారుడు

1919 ఫిబ్రవరి 5న విజయనగరంలో సంగీత కళాశాల వెలిసింది. సంస్థానోద్యోగి ఒకరి అంధుడైన కుమారునికి సంగీతం నేర్పించవలసి రావడమే దాని స్థాపనకు కారణమని చెబుతారు. గజపతుల వంశానికి చెందిన విజయరామ గజపతిరాజు ఆ కళాశాలకు తొలి అధ్యక్షునిగా ఎంచుకున్నది కచేరీ గాయకుణ్ణి కాదు. కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిరతలు పట్టి, మెడలో పూలదండతో నిలబడి కథ చెప్పే హరిదాసును. అప్పటికి ఆదిభట్ల నారాయణదాసు వయస్సు 54 ఏళ్లు.

హరికథను శాస్త్రీయ సంగీతానికి ఒక మెట్టు కింద ఉంచి చూడటం పండితులలో ఆనాడూ ఉంది, ఈనాడూ పూర్తిగా పోలేదు. నారాయణదాసు జీవితమంతా ఆ మెట్టును తొలగించడానికే సాగింది.

ఆయన 1864 ఆగస్టు 31న బొబ్బిలికి సమీపంలోని అజ్జాడ గ్రామంలో జన్మించారు. అసలు పేరు సూర్యనారాయణ. పసితనంలోనే భాగవత పద్యాలు కంఠస్థమయ్యాయి. బొబ్బిలిలో వైణిక విద్వాంసుడు వాసా సాంబయ్య వద్ద కొంతకాలం సంగీతం అభ్యసించారు. అనంతరం ఆంగ్ల విద్యకై విజయనగరం చేరారు. చదువు ఆయనను ఏ కచేరీ గుమాస్తాగానో మార్చి ఉండేది. అయితే 1883లో మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు హరికథను ఆ ఊరిలో విన్న క్షణం నుంచి ఆయన దారి మారింది. ఆ ఏడాదే ధ్రువచరిత్రను స్వయంగా రచించి, స్వరపరచి, గానం చేశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు.

మహారాష్ట్ర కీర్తన సంప్రదాయం తంజావూరు మీదుగా దక్షిణాదికి వ్యాపించి, హరికథకు ఒక రూపాన్నిచ్చింది. తెలుగునాట దానికి సాహిత్య గౌరవాన్నీ, రాగతాళ పుష్టినీ సమకూర్చిన ఘనత నారాయణదాసుదే. ఆయన కథలలో కీర్తన, పద్యం, ద్విపద, వచనం ఒకదానిలోంచి మరొకటి పుట్టుకొస్తాయి. అంబరీష చరిత్రము, రుక్మిణీ కల్యాణము, యథార్థ రామాయణము వంటివి తెలుగులో రచించారు. సంస్కృతంలోనూ హరికథలు కూర్చారు. గౌరమ్మ పెండ్లిని ఒక్క సంస్కృత పదమైనా దొర్లని అచ్చ తెలుగులో నడిపారు. ఆ అచ్చ తెలుగు నేటి పాఠకుణ్ణి తరచుగా నిఘంటువు వద్దకు పంపుతుందన్న మాట నిజమే. కానీ అది చదువుకోవడానికి రాసినది కాదు, పాడటానికి కట్టినది. గొంతెత్తి పాడినప్పుడు దాని బరువు సగం తగ్గుతుంది.

వాగ్గేయకారునిగా ఆయన సామర్థ్యానికి గట్టి నిదర్శనం దశవిధ రాగ నవతి కుసుమ మంజరి. పది విధాల రాగాలు, మొత్తం 90, ఒకే రచనలో అమ్మవారికి దండగా గుచ్చారు. సాధారణ రాగమాలికలో నాలుగైదు రాగాలు మారితేనే శ్రోత చెవి నిక్కపొడుస్తుంది. తొంభై రాగాలను ఒకదాని నీడ మరొకదానిపై పడకుండా నిలపడం పాడేవారికీ వినేవారికీ పరీక్షే. అందుకే ఆ కృతిని మెచ్చినంతమంది పాడలేదు.

లయలో ఆయన చూపిన సాహసం మరింత ప్రసిద్ధం. రెండు చేతులతో రెండు తాళాలు, రెండు పాదాలతో రెండు, శిరస్సుతో ఐదవది వేస్తూ పాడేవారు. పంచముఖి పరమేశ్వరుడన్న బిరుదు అలా వచ్చింది. తిశ్ర, చతురశ్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణ జాతులకు వరుసగా 3, 4, 5, 7, 9 అక్షరాలు. ఒకే కాలప్రమాణంలో ఒకేచోట ఎత్తుకుంటే ఈ ఐదూ మళ్లీ కలిసేది 1260 అక్షరాల తరువాతనే. ఈ లెక్కను మనసులో పెట్టుకుంటే, ఆయన అవధానాలకు జనం ఎందుకు విరగబడ్డారో బోధపడుతుంది. అయితే ఇటువంటి అద్భుతాల కీర్తి ఆయన స్వరరచనకు కొంత అన్యాయం చేసిందనీ అనక తప్పదు. చూసినవారు విన్యాసాన్ని గుర్తుంచుకున్నారు, రచనను మరిచారు.

విజయనగర ప్రభువు ఆనందగజపతి ఆయనను ఆదరించారు. మైసూరు మహారాజు సన్మానించారు. ఆయన జిజ్ఞాస ఆస్థానాలతో ఆగలేదు. పారశీకం నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను మూలంతోనూ, ఫిట్జ్‌గెరాల్డ్ ఆంగ్లానువాదంతోనూ పోల్చుతూ సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ తెచ్చారు. నవరస తరంగిణిలో కాళిదాసునూ షేక్స్పియర్‌నూ పక్కపక్కన నిలిపారు.

కళాశాలకు ఆయన 1936 వరకు అధ్యక్షులుగా ఉన్నారు. ఆయన కింద వయొలిన్ బోధించిన ద్వారం వెంకటస్వామి నాయుడు తరువాత ఆ పదవిని చేపట్టారు. పాత్రాయని సీతారామశాస్త్రి శిష్యునిగా ఘంటసాల వెంకటేశ్వరరావు చదువుకున్నది కూడా అక్కడే.

1945 జనవరి 2న నారాయణదాసు కన్నుమూశారు. ఆయన హరికథల సాహిత్యం పుస్తకాలలో భద్రంగా ఉంది. బాణీల సంగతి వేరు. ఏ పదం వద్ద రాగం విరిచారో, ఏ చరణం వద్ద గజ్జె ఆపారో అచ్చులో కనిపించదు. అది శిష్య ప్రశిష్యుల గొంతులలోనే ప్రయాణించింది. గోదావరి తీరాన కపిలేశ్వరపురంలోని సర్వారాయ హరికథా పాఠశాల వంటి చోట్ల బాలికలు నేటికీ ఆ కళను అభ్యసిస్తున్నారు. ఆయన స్వీయచరిత్ర ‘నా యెరుక’ తొలి ముప్పై ఏళ్లతోనే ఆగిపోయింది. కళాశాల కాలం గురించి ఆయన తన మాటలలో చెప్పుకున్న కథ అందులో లేదు.